ఆహార పరీక్షలో అంకె చెప్పునదేమి?

పాలకేంద్రములో వెన్న శాతము కొద్దిగా తగ్గినను రైతు చేతికి వచ్చు పైకము తగ్గును. అట్టి అంకె ఎట్లు పుట్టినది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అని విచారించు విద్య నేడు విశ్వవిద్యాలయములలో కలదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల యొకటి బాపట్లలో ఆహార సాంకేతిక శాస్త్రమును బోధించుచున్నది. ఇంటర్మీడియట్ ముగించి ఈ చదువునకు పోదలచు బిడ్డలు మన గ్రామములలోను ఉన్నారు గనుక, ప్రయోగశాలలో నేర్పు విషయమును కొంత వివరింపదలచితిమి.

మొదటి పాఠములు సులభములు. పిండిని సుమారు 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూచినచో తేమ ఎంతయో తెలియును. 550 డిగ్రీల కొలిమిలో కాల్చగా మిగిలిన బూడిద ఖనిజ లవణముల లెక్క చెప్పును. ఓపిక యున్న చాలును.

చిక్కంతయు మాంసకృత్తులను కొలుచుటలో నున్నది. 1883లో డెన్మార్కు దేశమున, కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో జొహాన్ కెల్డాల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతిని కనుగొనెను. పదార్థమును గాఢ గంధకికామ్లములో మరిగించి, కాస్టిక్ సోడా చేర్చి, వెలువడు అమ్మోనియాను పట్టి కొలుతురు. దానినిబట్టి నత్రజని ఎంతయో తేలును. మాంసకృత్తులలో నూటికి సుమారు 16 పాళ్లు నత్రజని గనుక, వచ్చిన అంకెను 6.25 చేత, పాలకైనచో 6.38 చేత హెచ్చించి మాంసకృత్తులని వ్రాసికొందురు. అనగా కొలిచినది నత్రజని, వ్రాసినది మాంసకృత్తులు! విద్యార్థి ఈ భేదమును మరువరాదు.

మరచినచో ఏమగునో 2008లో చైనా దేశమున బయటపడినది. నీళ్లు కలిపిన పాలలో, ప్లాస్టిక్ పళ్లెముల తయారీకి వాడు మెలమిన్‌ను స్వార్థపరులు చేర్చిరి. అందు మూడింట రెండు పాళ్లు నత్రజనియే. ఒక గ్రాము మెలమిన్ పరీక్షలో నాలుగు గ్రాములకు పైగా మాంసకృత్తులుగా లెక్కకు వచ్చును. పరీక్షలో నెగ్గిన ఆ పాలపొడి త్రాగి సుమారు 3 లక్షల మంది శిశువులు రోగగ్రస్తులైరి. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడెను. ఆరుగురు పసిబిడ్డలు మరణించిరి.

మన రైతులు చల్లు యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. దానిని పాలలో కలిపినవారు మన దేశములోను పట్టుబడిరి. కావున పాలను పరీక్షించువారు నత్రజని లెక్కతో ఆగక, యూరియాతో కలిసినపుడు పసుపురంగు నిచ్చు ద్రావణమును వేసి చూతురు. పాలలో స్వభావసిద్ధముగనే కొద్ది యూరియా యుండును గనుక, స్వచ్ఛమైన పాలను ప్రక్కన నుంచి రంగులను పోల్చుట తప్పనిసరి. పోల్చక తీర్పు చెప్పినచో నిర్దోషి దోషి యగును.

వీటన్నిటికంటె కష్టమైనది నమూనా తీయుట యని మా అభిప్రాయము. తేమ ఆరని వేరుసెనగలో పెరుగు బూజు వలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమునకు ముప్పు. బస్తాలోని వేల గింజలలో ఏ కొన్నిటిలోనో ఆ విషము దట్టముగా నుండి, తక్కినవి శుభ్రముగా నుండవచ్చును. గుప్పెడు గింజలలో అవి చిక్కినచో సరకంతయు చెడ్డదనిపించును, చిక్కకున్న మంచిదనిపించును. కావున పరీక్షకు పంపదలచు రైతులు పెక్కు బస్తాల పైనుండి, నడుమనుండి, అడుగునుండి కొంచెము కొంచెముగా తీసి కలిపి పంపవలెను. బూజుపట్టిన గింజలను ముందుగా ఏరివేసి పంపరాదు. అట్లు పంపిన నమూనా ఇంటనున్న సరకును గూర్చి ఏమియు చెప్పజాలదు.