మెదడు మళ్ళీ నేర్చుకుంటుంది

పిల్లలూ! ఒకసారి ఎడమచేతితో మీ చొక్కా గుండీలు పెట్టుకొని చూడండి. ఆ చేత్తోనే జొన్నరొట్టె తుంచి తినండి. ఎంత ఆలస్యమైందో చూశారా? పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన తాతకో, బాపమ్మకో ప్రతిపూటా ఇదే పరీక్ష.

పక్షవాతం చేతికి వచ్చే జబ్బు కాదు, మెదడుకు వచ్చేది. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడుతుంది. లేదా నాళమే చిట్లుతుంది. మెదడునుంచి దిగే నరాలలో చాలాభాగం మెడకు కాస్త పైన అవతలి పక్కకు దాటుతాయి. అందుచేత మెదడులో ఎడమవైపు దెబ్బతింటే కుడి కాలూ, చేయీ పడిపోతాయి.

మాటకు చోటు కూడా చాలామందికి ఎడమవైపే ఉన్నది. ఈ సంగతిని 1865లో బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు లోకానికి చాటాడు. కనుక బాపమ్మ నీళ్ళు అడగబోయి "గిన్నె" అంటే నవ్వకండి. ఆమెకు బుద్ధి పోలేదు, మాట దొరకడం లేదు. దొరికేదాకా ఆగండి. ఒక వింత చెప్పనా? మాట రాని కొందరు పాట పాడగలరు! బతుకమ్మనాడు పదిమందితో ఆమె గొంతు కలిపినా కలపవచ్చు.

చచ్చిన మెదడుకణాల పనిని మిగిలిన కణాలు కొంతవరకు నేర్చుకుంటాయి. మీరు ఎక్కాలు వల్లెవేసినట్లే, ఒకే పనిని వందలసార్లు చేయాలి. మొదటి మూడు నెలలలో మార్పు త్వరగా కనబడుతుంది, తరువాత నెమ్మదిగా. సాధారణంగా నడక ముందు వస్తుంది, వేళ్ళ నేర్పు చివర వస్తుంది. సిరిసిల్లలో నూలుపోగు ముడివేసే వేళ్ళకూ, కరీంనగరంలో వెండితీగ అల్లే వేళ్ళకూ అందుకే ఎక్కువ ఓపిక కావాలి.

ఇల్లు కూడా మారాలి. నేలమీద కూర్చుని తినేవారికి కుర్చీ కావాలి. కుంగే నులకమంచం కంటె గట్టి మంచం మేలు. స్నానానికి ఎత్తుపీట వేయాలి. గడప దాటేటప్పుడు మీరు పక్కన నిలబడండి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు చివర. ఆ చేయి పట్టి లాగితే భుజంకీలు జారవచ్చు. తాత తొందరగా అలసిపోయినా, చిన్నమాటకే ఏడ్చినా విసుక్కోకండి. అది కూడా జబ్బులో భాగమే. అయితే అన్నీ మీరే చేసిపెట్టకండి. చేయగలిగినది చేయనిస్తేనే మెదడు నేర్చుకుంటుంది.

లూయీ పాశ్చర్‌కు 1868లో, నలభై అయిదేళ్ళ వయసులో పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పూర్తిగా బాగుకాలేదు. అయినా 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలుణ్ణి కాపాడిన టీకామందు ఆయనదే.

చివరగా ఒక ముఖ్యమైన మాట. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయించండి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపు పడాలి. అంతకు ముందే పరీక్ష చేసి, అది గడ్డో, నాళం చిట్లడమో తేల్చాలి. ఆదిలాబాదు అడవిపల్లెలనుంచి పెద్దాసుపత్రికి చేరడానికే చాలాసేపు పడుతుంది. పసరుకో, మంత్రానికో తిరిగితే ఆ గంటలు తిరిగి రావు. జబ్బు ఎన్నిగంటలకు మొదలైందని వైద్యుడు అడుగుతాడు. పెద్దలు కంగారులో మరచిపోవచ్చు. మీరు గడియారం చూచి గుర్తుపెట్టుకోండి.