నాయన వెల్డింగు పెట్టె

కోయంబత్తూరులో ఇంటి వెనక రేకుల కొట్టం వేసి పనిముట్లు పెట్టుకుంటే దాన్ని పట్టరై అంటాము. తమిళ మాటే అయినా మన తెలుగిళ్ళలోనూ అదే వాడుక. 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు గార్లు ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన ఊరు కదా, ఇక్కడ ఇంటికొక స్పానరు సెట్టయినా ఉంటుంది. మా నాయన మిల్లులో ఫిట్టరు. 1978లో ఒక వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరు కొని, సాయంత్రాలు గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవారు. త్రీఫేజు అక్కర్లేదు, ఇంటి 230 వోల్టులకే పనిచేసే రకం. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు.

నాయన పోయాక పదిహేనేళ్ళు దాని మీద గోనెపట్టా కప్పే ఉంది. "లోపల రాగి ఉంటుంది, పాత సామాన్ల కొట్టుకు వేసేద్దాం. అయిదారు కిలోల ఇన్వర్టరు మిషన్లు వస్తున్నాయి, ఒకటి కొనుక్కో" అన్నాడు అన్న. మూత విప్పి, చుట్ట మీది వార్నిషు కొంచెం గీకితే తెల్లగా తేలింది. రాగి కాదు, అల్యూమినియం. అన్నకు ఆ రోజుతో దాని మీద ఆసక్తి పోయింది!

నేను వెంటనే ప్లగ్గు పెట్టి చూసేవాణ్ణే. మా వీధి చివర మోటార్లకు కాయిలు కట్టే పెద్దాయన ఆపారు. "మూలన పడున్న మిషనుకు ముందు కరెంటు ఇవ్వకూడదు తంబీ, మెగ్గరు పెట్టాలి" అని తానే వచ్చారు. 500 వోల్టులు పంపి ఇన్సులేషను ఎంత గట్టిగా ఉందో చూపే సాధనమది. లోపల రెండు చుట్టలుంటాయి. ఒకటి ఇంటి కరెంటు తీసుకుంటుంది, రెండోది వోల్టులు తగ్గించి ఆంపియర్లు పెంచి రాడ్డుకిస్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి తగిలితే ఇంటి కరెంటు చేతిలోని హోల్డరుకే వస్తుంది.

చుట్టల మధ్య బాగానే ఉంది. మొదటి చుట్టకూ పెట్టెకూ మధ్య పెడితే ముల్లు సున్నా దగ్గరే నిలబడింది. కేబులు విప్పాము. ఎర్తుకు పోవలసిన పచ్చ తీగను కత్తిరించి టేపు చుట్టి ఉంది. అది నాయన పనే.

ఆ పెట్టె తగిలితే చేయి జిల్లుమంటోందని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నీకంతా భయమే అని నాయనతోపాటు మేమూ నవ్వేవాళ్ళం. ఎర్తు కలిపితే ఫ్యూజు పోతోందని, ఎందుకు పోతోందో వెతక్కుండా ఎర్తునే కోసేసి ఉంటారు. పొడి నేల, కాళ్ళకు రబ్బరు చెప్పులు, అంతే మమ్మల్ని కాపాడింది. మేము బడి నుంచి వచ్చి ఆ పెట్టె మీదే కూర్చునేవాళ్ళం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు చిన్నదే. కేబులు లోపలికి వెళ్ళే రంధ్రంలో రబ్బరు వాషరు పోయి, రేకు అంచు తీగను కోసింది. ఆ ముక్క తీసేసి కొత్త కేబులు వేశాము. అప్పటికీ మెగ్గరు రెండు మెగోములే చూపింది, తేమ. నూరు వాట్ల బల్బు ఒకటి పక్కన వెలిగించి, మూడు రోజులు ఆరబెడితే ఇరవై దాటింది. అల్యూమినియం కొసలు బోల్టుల దగ్గర మసకబారి వదులయ్యాయి, వాటిని శుభ్రంగా గీకి బిగించాము.

గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలదు. పన్నెండో నంబరు రాడ్డుకు 80 ఆంపియర్లు కావాలంటే ఇంటి లైను నుంచి ఇరవై పైనే లాగుతుంది. లైసెన్సున్న వైర్‌మన్‌ను పిలిచి మెయిను నుంచి వేరే లైను, 32 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు కారితే ఆపే ఆర్సీసీబీ, కొత్త ఎర్తు గుంత పెట్టించాను. ఖర్చు మిషను విలువను మించిందని అన్న ఇప్పటికీ అంటాడు, నిజమే.

మొదట 200 వాట్ల బల్బును సీరీసులో పెట్టి కరెంటు ఇచ్చాము. షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది. మసగ్గా ఎర్రబడి ఆగింది. బల్బు తీసి నేరుగా ఇస్తే గుయ్‌మని పాత శబ్దమే. రాడ్డు వైపు 62 వోల్టులు.

నాయన చేసిన వీధి గేటు పై కీలు ఊడి ఉంది. నాయన దాచిన రాడ్లు చెమ్మగిలి చిటపటలాడాయి, కొత్త పెట్టె తెచ్చాను. మొదటి రాడ్డు అంటుకుపోయింది, రెండోదీ అంతే. అయిదోదానికి అతుకు నిలిచింది. కింద కీలు మీద నాయన వేసిన గీత చేప పొలుసుల్లా వరుసగా ఉంటుంది, నాది కోడి గీకినట్టుంది.

అమ్మకు 82. పచ్చ తీగ సంగతి చెప్పి, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా, ఇప్పుడు బాగుచేశాను, జిల్లుమనదు" అన్నాను. ఆమె గడప దాటి రాలేదు. "నువ్వు చెయ్యి పెట్టుకోరా, నేను మాత్రం ముట్టను" అంది.