ఇంటి కంప్యూటర్‌కు ఉచిత కాపలా

కొత్త ల్యాప్‌టాప్ కొంటే అందులో ఏదో ఒక కంపెనీ యాంటీవైరస్ ముందే ఎక్కించి ఉండటం మామూలే. కొన్నాళ్లకు తెర మూలన హెచ్చరికలు మొదలవుతాయి. గడువు తీరింది, మీ కంప్యూటర్‌కు రక్షణ లేదు, వెంటనే డబ్బు కట్టండి అని. ఏటా అంత సొమ్ము కట్టడం ఇష్టం లేనివారు ఉచితంగా దొరికేదాని కోసం వెతుకుతారు. అవాస్ట్, ఏవీజీ, అవిరా, బిట్‌డిఫెండర్, కాస్పర్‌స్కీ అంటూ బోలెడు పేర్లు ఎదురవుతాయి. ఏది మంచిదో చెప్పమని తెలిసినవాళ్లను అడుగుతారు. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు.

ఆ పేర్ల జోలికి వెళ్లే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. విండోస్ 10, 11 నడుస్తున్న ప్రతి కంప్యూటర్‌లోనూ పూర్తి స్థాయి యాంటీవైరస్ ఇప్పటికే ఉంది. దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. వేరే కంపెనీది ఎక్కించగానే అది పక్కకు తప్పుకుంటుంది. ఆ వేరేదాన్ని పూర్తిగా తీసేస్తే తనంతట తానే మళ్లీ పని అందుకుంటుంది. కాబట్టి గడువు తీరిన యాంటీవైరస్‌తో విసిగినవారు మొదట చేయవలసింది దాన్ని తొలగించి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయడం. చాలా ఇళ్లలో కథ అక్కడితో ముగుస్తుంది.

ఊరికే వచ్చినది సరిపోతుందా అన్న అనుమానం సహజం. దానికి జవాబు కావాలంటే యాంటీవైరస్ అనేది లోపల ఏం చేస్తుందో, ఏం చేయలేదో చూడాలి.

కంప్యూటర్ వైరస్‌ల మీద జరిగిన తొలి శాస్త్రీయ పరిశోధనల్లో ఒకటి ఫ్రెడ్ కోహెన్‌ది. 1983లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా, తనను తాను ఇతర ప్రోగ్రాముల్లోకి నకలు చేసుకునే ప్రోగ్రామును రాసి చూపించాడు. దానికి వైరస్ అని పేరు పెట్టమన్నది ఆయన గురువు లెన్ ఆడిల్మన్. బ్యాంకు లావాదేవీలకు నేటికీ కాపలాగా ఉన్న ఆర్‌ఎస్‌ఏ సంకేత పద్ధతిని కనిపెట్టిన ముగ్గురిలో ఆయనొకడు. కోహెన్ అక్కడితో ఆగలేదు. ప్రపంచంలోని ప్రతి వైరస్‌నూ తప్పకుండా పట్టుకునే, మంచి ప్రోగ్రామును ఎన్నడూ తప్పుపట్టని యాంటీవైరస్ తయారు చేయడం సాధ్యమా అని ప్రశ్నించుకున్నాడు. సాధ్యం కాదని గణిత పద్ధతిలో నిరూపించాడు.

ఆ వాదన పొట్టిదే అయినా అందమైనది. ఎన్నడూ పొరబడని యాంటీవైరస్ ఒకటి ఉందని కాసేపు అనుకుందాం. ఇప్పుడు నేనొక ప్రోగ్రాము రాసి, ఆ యాంటీవైరస్‌నే దాని కడుపులో పెడతాను. నా ప్రోగ్రాము మొదలవగానే తన గురించి తానే దాన్ని అడుగుతుంది, నేను వైరస్‌నా అని. అవునంటే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. కాదంటే వెంటనే తక్కిన ఫైళ్లలోకి పాకుతుంది. యాంటీవైరస్ ఏ తీర్పు చెప్పినా అది తప్పే అవుతుంది. అంటే ఎన్నడూ పొరబడని యాంటీవైరస్ ఉందన్న మన ఊహే నిలబడదు. ఇక ముందు ఎంత గొప్ప కంపెనీ వచ్చినా, ఎంత ఖరీదు పెట్టినా ఈ హద్దును దాటలేదు. నూటికి నూరు శాతం రక్షణ అని ప్రకటన కనిపించినప్పుడు పాఠకులు కోహెన్‌ను గుర్తు చేసుకోవాలని నా కోరిక.

నిఖార్సైన తీర్పు అసాధ్యం కనుక యాంటీవైరస్‌లన్నీ అంచనాల మీద నడుస్తాయి. వాటిలో పాతది వేలిముద్రల పద్ధతి. దొరికిన ప్రతి వైరస్ నుంచి దానికే ప్రత్యేకమైన గుర్తును తీసి జాబితాలో చేర్చి, మన ఫైళ్లను ఆ జాబితాతో పోల్చి చూస్తారు. ఒకప్పుడు ఇది చాలేది. ఇప్పుడు రోజూ 4,50,000కు పైగా కొత్త హానికర ప్రోగ్రాములు తమ దృష్టికి వస్తున్నాయని జర్మనీలోని పరీక్షా సంస్థ ఏవీ-టెస్ట్ చెబుతోంది. పైగా చాలా వైరస్‌లు నకలు తీసుకునే ప్రతిసారీ పైరూపం మార్చుకుంటాయి. అందుకే రూపంతో పాటు నడవడికనూ గమనించే పద్ధతులు వచ్చాయి. ఒక ప్రోగ్రాము ఉన్నట్టుండి మీ ఫొటోల ఫోల్డరులోని ఫైళ్లన్నింటినీ ఒక్కొక్కటిగా తెరిచి తిరగరాస్తుంటే, దాని వేలిముద్ర జాబితాలో లేకపోయినా అనుమానించవచ్చు. ఇంకా తేలకపోతే యాంటీవైరస్ ఆ ఫైలు వివరాలను ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకు పంపి, అక్కడి నుంచి జవాబు తెప్పించుకుంటుంది.

అంచనా అన్నాక రెండు వైపులా తప్పులుంటాయి. దొంగను వదిలేయడం ఒకటైతే దొరను పట్టుకోవడం ఇంకొకటి. 2010 ఏప్రిల్ 21న మెకఫీ అనే యాంటీవైరస్ కంపెనీ పంపిన అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని అత్యవసరమైన సొంత ఫైలునే వైరస్‌గా భావించి తొలగించింది. ఎన్నో దేశాల్లో కంప్యూటర్లు ఆగిపోయి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ వంటి సంస్థలు పట్టుకున్నవాటిని లెక్కించడంతో పాటు ఇలాంటి తప్పుడు హెచ్చరికలనూ లెక్కిస్తాయి. కంప్యూటర్ ఎంత మందగిస్తుందో కూడా కొలుస్తాయి.

ఆ పరీక్షల్లో మైక్రోసాఫ్ట్ చరిత్ర గమనించదగ్గది. 2009లో ఆ కంపెనీ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అనే ఉచిత యాంటీవైరస్‌ను విడుదల చేసింది. 2012 చివరికి అది ఏవీ-టెస్ట్ ధ్రువీకరణను కూడా నిలుపుకోలేకపోయింది. విండోస్‌తో వచ్చేది పనికిరాదన్న మాట ఆనాటిది. అప్పుడది నిజమే. ఆ తరువాత దాని స్థానంలోకి వచ్చిన డిఫెండర్ పద్ధతులు మారాయి, మార్కులు పెరిగాయి. కొన్నేళ్లుగా ఏవీ-టెస్ట్‌లో పూర్తి మార్కులో, వాటికి దగ్గరి మార్కులో తెచ్చుకుంటోంది. లోపాలు లేకపోలేదు. ఇంటర్నెట్ లేనప్పుడు దాని పట్టు కొంత సడలుతుందని ఏవీ-కంపారెటివ్స్ పరీక్షల్లో కనిపిస్తుంది. నెట్ సరిగా అందని ఊళ్లో, పెన్‌డ్రైవ్‌ల మీదే పని నడిచే కంప్యూటర్‌కు ఇది లెక్కలోకి తీసుకోవలసిన విషయం. అలాంటివారు బిట్‌డిఫెండర్ ఉచిత వెర్షన్ వంటిదాన్ని ఆలోచించవచ్చు. తక్కినవారికి డిఫెండర్ చాలు.

మార్కుల్లో ఒకరిద్దరు అరమార్కు ముందున్నా నేను డిఫెండర్ వైపే మొగ్గడానికి ఇంకో కారణముంది. ప్రతి ఫైలునూ, ప్రతి ప్రోగ్రామునూ పరీక్షించాలంటే యాంటీవైరస్ ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో కూర్చోవాలి. కాపలాకు వచ్చినవాడికి ఇంట్లోని అన్ని గదుల తాళాలూ అప్పగించడం లాంటిది ఇది. ఆ స్థానంలో ఉన్న ప్రోగ్రాము పొరబడితే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ భద్రతా ప్రోగ్రాముకు వచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరలతో నిలిచిపోయాయి. మన విమానాశ్రయాల్లో కొందరు ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

పొరపాటు సంగతి అలా ఉంచి, ఉద్దేశం సంగతి చూద్దాం. అవాస్ట్ ప్రపంచంలోనే పేరున్న ఉచిత యాంటీవైరస్, చెక్ దేశంలో పుట్టినది. తన యాంటీవైరస్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారా వాడుకదారులు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుంటోందని 2020 జనవరిలో పాత్రికేయులు బయటపెట్టారు. జంప్‌షాట్ మూతపడింది. వందకు పైగా కంపెనీలకు ఆ సమాచారం చేరిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చి, 2024లో అవాస్ట్ చేత 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది. ఇతరులు మీ మీద నిఘా పెట్టకుండా అడ్డుకుంటామని చెప్పి జనాన్ని చేర్చుకున్న ప్రోగ్రామే ఆ నిఘా పెట్టింది. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఏ వ్యాధి వెతికారో, ఏ గుడి వెబ్‌సైట్ చూశారో, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారో ఆ చిట్టాలో తెలిసిపోతుంది.

ఇంకొకటి. అవాస్ట్ 2016లో ఏవీజీని కొనేసింది. నార్టన్ కంపెనీ అవిరాను కొని, 2022లో అవాస్ట్‌నూ కలుపుకుని జెన్ డిజిటల్‌గా మారింది. కాబట్టి అవాస్ట్ వద్దనుకుని ఏవీజీకో అవిరాకో మారినవారు అదే యజమాని దగ్గర ఉన్నట్టు. కాస్పర్‌స్కీ పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకునేదే అయినా, రష్యా ప్రభుత్వ ప్రభావం ఉంటుందన్న కారణం చూపి 2024లో అమెరికా దాని అమ్మకాలను నిషేధించింది. ఆరోపణను కంపెనీ ఖండించింది. ఆ సెప్టెంబరులో అమెరికాలోని వాడుకదారుల కంప్యూటర్లలో కాస్పర్‌స్కీ తనను తాను తొలగించుకుని, అల్ట్రాఏవీ అనే మరో యాంటీవైరస్‌ను ఎక్కించింది. ముందే ఈమెయిల్ పంపామని కంపెనీ అన్నా చాలామంది నివ్వెరపోయారు. యాంటీవైరస్‌కు మనం ఇచ్చే అధికారం ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. విండోస్ వాడుతున్నామంటే మైక్రోసాఫ్ట్‌ను ఎలాగూ నమ్మాం. ఊరికే ఇస్తున్నారని ఇంకొకరికి ఆ అధికారం కట్టబెట్టేటప్పుడు వాళ్లకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో అడగాలి. ఖరీదైన వెర్షన్ కొనమని పదేపదే గుర్తు చేయడం ద్వారానైతే సహించవచ్చు. జవాబు తేలకపోతే ఆ ప్రోగ్రామును ఎక్కించకపోవడమే మేలు.

రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిపితే రెట్టింపు రక్షణ అనుకోవద్దు. ఒకదాని పనిని ఒకటి అనుమానించి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. డిఫెండర్ మీద సందేహం కలిగిన రోజున మాల్వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్‌తో ఒకసారి స్కాన్ చేసుకోవచ్చు. అది అడిగినప్పుడే వెతికే రకం కాబట్టి గొడవ ఉండదు. వైరస్ దాక్కుని ఉందనిపిస్తే డిఫెండర్‌లోనే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. విండోస్ మేలుకోకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా వైరస్‌లను ఏరివేసే ఉపకరణాలను ఉచితంగా ఇస్తోంది.

ఇక యాంటీవైరస్ ఎంపిక కంటే ఎక్కువ పట్టించుకోవలసినది అప్‌డేట్లు. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) దాడి 150కి పైగా దేశాలను తాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లొసుగును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేయించుకోనివారు దెబ్బతిన్నారు. ఇప్పుడు విండోస్ 10 వాడేవారు ఇదే పరిస్థితిలో ఉన్నారు. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. డిఫెండర్ వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా వస్తూనే ఉంటాయి కనుక అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ విండోస్‌లో బయటపడే కొత్త లొసుగులు పూడవు. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు అప్‌డేట్ల పథకం ఉంది, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో చేరవచ్చు. ఆ తరువాత విండోస్ 11కు వెళ్లడమో, పాత యంత్రమైతే లినక్స్ మింట్ వంటిదానికి మారడమో తప్పదు.

ఏ యాంటీవైరస్ కూడా కాపాడలేని ఇల్లు, లైసెన్సు లేకుండా ప్రోగ్రాములను నడిపించే క్రాక్‌లు వాడే ఇల్లు. విండోస్‌కో ఫొటోషాప్‌కో తెలుగు టైపింగ్ ప్యాకేజీకో క్రాక్ అంటూ దొరికే ఫైలుతో పాటు ఒక సూచన ఉంటుంది, ముందు యాంటీవైరస్ ఆపేయండి అని. ఆపేసిన తరువాత లోపలికి ఏది వచ్చినా చూసేవారుండరు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను ఎత్తుకుపోయే రెడ్‌లైన్ వంటి ప్రోగ్రాములు ఈ దారిన చాలా ఇళ్లలోకి చేరాయి. లైసెన్సుకు డబ్బు లేకపోతే లిబ్రే ఆఫీస్, జింప్ వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి, యూనికోడ్ తెలుగు విండోస్‌లోనే ఉంది.

జిరాక్స్ షాపుకు వెళ్లి వచ్చిన పెన్‌డ్రైవ్ సంగతి చాలామందికి అనుభవమే. ఫోల్డర్లు మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మిగులుతాయి. నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనక వైరసూ మొదలవుతుంది. ఇంటికి రాగానే పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేశాకే తెరవండి. ఫోన్‌లో బ్యాంకు నుంచి అంటూ ఎవరో మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ వేయించి డబ్బు లాగేసినప్పుడు మాత్రం యాంటీవైరస్ నోరు మెదపదు. ఎనీడెస్క్ వైరస్ కాదు, సక్రమమైన ప్రోగ్రాము, దాన్ని ఎక్కించింది మీరే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చునే పెద్దవాళ్లకు ఈ సంగతి ఇంట్లోవాళ్లే విడమరిచి చెప్పాలి.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకోండి. గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే తీసేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ నడుస్తోందో లేదో చూడండి. అక్కడే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే మీట ఉంటుంది. కొత్త కంప్యూటర్‌లో అది ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేయండి. తెలియని ప్రోగ్రాము మీ ఫొటోలను, పత్రాలను మార్చకుండా అది ఆపుతుంది. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఆ వైరు పీకి బీరువాలో పెట్టండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.