ముసలి పికప్‌లో దాక్కున్న గుర్రాలు!

హైదరాబాద్ రాయదుర్గం ఐటీ టవర్ల వెనక గేటు దగ్గర నీళ్ల క్యాన్లు దింపే పాత పికప్‌ని ఎప్పుడైనా పట్టించుకున్నారా? దాని బానెట్ కింద బోలెడు వింతలున్నాయి. గట్టిగా పట్టుకోండి, స్టార్ట్ చేస్తున్నాం!

మీకు తెలుసా? 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తగలిగితే అదే ఒక హార్స్‌పవర్. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు! మరి అసలు గుర్రమో? కాసేపు రెచ్చిపోతే దాదాపు 15 హార్స్‌పవర్ చూపించగలదని 1993లో ‘నేచర్’ పత్రికలో లెక్కతేల్చారు. గుర్రం పేరు పెట్టుకున్నారు గానీ, గుర్రాన్ని అడిగినవాడు లేడు!

ఒక లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే 9 వేల లీటర్లకు పైగా గాలి కావాలని మీకు తెలుసా? దమ్ము తగ్గిన బండి షెడ్డుకొస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూసేది ఇందుకే. బంకులో బిల్లు మాత్రం ఆ ఒక్క లీటరుకే వేస్తారు. ఇంకా నయం!

మీకు తెలుసా? హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కన్నా దాదాపు 6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ బలమూ ఇంచుమించు ఆ మేరకు తగ్గుతుంది. మీ బండికి బీచ్ మీద బెంగ ఉంటే తప్పేముంది!

జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 42. ఈ తేడాకే గాలి 8 శాతానికి పైగా పలచబడుతుందని మీకు తెలుసా? గాలి గొట్టం పగిలి ఇంజన్ తన వేడినే తాను పీల్చుకుంటుంటే నీరసం ఇంకాస్త. ఎండదెబ్బ మనుషులకే తగలాలని రూలేం లేదు!

మీకు తెలుసా? చాలా ఇంజెక్షన్ బళ్లలో గాలిని కొలిచేది వేడెక్కించిన ఓ సన్నని తీగ. గాలి ఎంత వీస్తే అంత చల్లబడుతుంది. ఆ లెక్క చూసే ఇంజన్ కంప్యూటర్ ఇంధనం పోయిస్తుంది. తీగకి మడ్డి పట్టిందా, లెక్క తప్పుతుంది. దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి, వేలు తగలకుండా ఆరనిస్తే దమ్ము తిరిగొస్తుంది. కొత్త గుర్రాలు కొనక్కర్లేదు, పారిపోయినవాటిని తోలుకొస్తే చాలు!

చాలా కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో ఇంధనం ఒత్తిడి 1,600 బార్ దాకా వెళ్తుంది. మరి ప్రపంచంలోకెల్లా లోతైన మరియానా అగాధం అడుగున ఎంతో మీకు తెలుసా? 1,100 బార్ లోపే! పాపం పసిఫిక్ మహాసముద్రం, రెండో స్థానం!

మీకు తెలుసా? నాలుగు సిలిండర్ల ఇంజన్ 3,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే ఇంజెక్టర్లు నిమిషానికి కనీసం 6,000 సార్లు ఇంధనం చిమ్ముతాయి. ఒక్కటి మొరాయిస్తే చాలు, బండి మొత్తం దగ్గుతుంది. ఇంత పనికి టీ బ్రేక్ కూడా లేదు!

పనికిరాని పొగతో చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి గాలి దట్టించే టర్బోకి వయసెంతో మీకు తెలుసా? స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషి పేటెంట్ 1905 నాటిది. చిన్న టర్బోలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి. నూట ఇరవై ఏళ్లు దాటినా కళ్లు తిరగలేదు!

మీకు తెలుసా? మన శ్రీసిటీలో ఇసుజు 2016లో తెచ్చిన వి-క్రాస్ పికప్‌కి 2,499 సీసీ ఇంజన్, 136 హార్స్‌పవర్. తర్వాత ఇంజన్ 1,898 సీసీకి కుదించుకుపోయింది. బలమో? 163! పొట్ట తగ్గింది, అంకెలు తారుమారై కండ పెరిగింది!

ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ ట్రక్కుల్లోనూ చెయ్యి పెట్టిందని మీకు తెలుసా? 1980లలో ఆల్విన్ నిస్సాన్ పేరుతో జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు తయారయ్యాయి. తర్వాత ఆ సంస్థ మహీంద్రా చేతికొచ్చింది. ఒకే ఇంటిపేరుతో ఇంట్లో చల్లదనం, రోడ్డు మీద వేడి!

మీకు తెలుసా? ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ)లో సాఫ్ట్‌వేర్ మారిస్తే టర్బో డీజిల్‌కి 20–30 శాతం బలం పెరగొచ్చు. టర్బో లేని పెట్రోలు బండికైతే 5–10 శాతమే గొప్ప. చాలా బళ్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌కి ల్యాప్‌టాప్ తగిలించి పని కానిచ్చేస్తారు. అచ్చంగా రాయదుర్గం ఉద్యోగమే! కాకపోతే బగ్ వస్తే రీస్టార్ట్ చాలదు, క్లచ్ ప్లేటే మార్చాలి!

ఆగండాగండి, చట్టం సంగతి మీకు తెలుసా? ఆర్సీలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. గుర్రాలు పెరిగితే పెరిగాయి, కళ్లెం మాత్రం ఆర్టీవో చేతిలో!

మీకు తెలుసా? నల్లపొగ బలానికి గుర్తు కాదు, సరిగ్గా కాలని డీజిల్. అంత పొగ వదిలేది పవర్ కాదండీ, మీ పర్సు!

ప్రపంచ రికార్డు మీకు తెలుసా? 2004లో డాడ్జ్ రామ్ ఎస్‌ఆర్‌టీ-10 పికప్ గంటకు 248 కిలోమీటర్లు దాటి గిన్నిస్‌కెక్కింది. ఇంజన్ 8.3 లీటర్లు, 500 హార్స్‌పవర్. రెండేళ్లకే ఆస్ట్రేలియా పికప్ మలూ 271 దాటి దాన్ని పడగొట్టింది. సాయంత్రం ఆరింటికి రాయదుర్గం దగ్గరి బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో మాత్రం ఇద్దరికీ డ్రా!

మీకు తెలుసా? ఇంజన్ ముట్టుకోకుండానే బలం పెంచొచ్చు! సరుకుతో కలిపి 3 టన్నులున్న పికప్‌లోంచి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పదిహేను దింపితే 300 కిలోలు తగ్గుతాయి. టన్నుకి దక్కే బలం 11 శాతం పెరుగుతుంది. ఖర్చు సున్నా, నడుంనొప్పి ఉచితం!

ఆఖరి ప్రశ్న! 2025 అక్టోబరు వేలంలో రాయదుర్గం ఎకరం 177 కోట్లు పలికిందని మీకు తెలుసా? ఆ లెక్కన 5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున్న పికప్ నిలబడే జాగా ఒక్కటే సుమారు 39 లక్షలు. గుర్రాలు ఎన్నైనా పెంచుకోండి బాబూ, గుర్రపుశాలకే లోన్ దొరకదు!