రైలుమార్గము కన్న పేట

లోకమున పట్టణములు పుట్టు తెఱఁగులు పెక్కులు. కొన్ని దేవాలయముల చుట్టును, కొన్ని కోటల నీడను, కొన్ని రేవుల యొడ్డునను పెరిగినవి. రష్యాదేశమున, సైబీరియా సీమలో, ఓబ్ నదీతీరమున నున్న నోవోసిబిర్స్కు నగరము మాత్రము ఒక రైలువంతెన మూలమున జనించినది. నేఁడది 16 లక్షలకు మించిన జనముతో ఆ దేశమున మూఁడవ మహానగరమై యున్నది. దాని పుట్టుక తెలియఁగోరు సోదరీమణులు అందలి రైల్వేపేట చరిత్రము నెఱుఁగవలయును.

సైబీరియా నడుమగా తూర్పుసముద్రము వఱకు పోవు రైలుమార్గమును 1891లో నిర్మింప మొదలిడిరి. ఓబ్ నదిని ఎచ్చట దాటవలయునను ప్రశ్న పుట్టెను. కొలివాన్ అను పాత పట్టణము చెంత ఆ నది వఱదకాలమున మైళ్లకొలఁది వ్యాపించును. గారిన్ మిఖైలోవ్‌స్కీ యను ఇంజనీరు, ఆయన నవలాకారుఁడు కూడ, తన బృందముతో వెదకి, క్రివోష్చెకోవో గ్రామము కడ నది యిఱుకై, అడుగున ఱాతినేల కలిగియుండుట కనుఁగొనెను. బెలెల్యూబ్‌స్కీ వంతెనకు రూపకల్పన చేసెను. 1893లో పని యారంభమై, 1897లో రాకపోకలు సాగెను. కొలివాన్ మార్గమునకు దూరమై వెనుకఁబడెను. విశ్వవిద్యాలయము గల తోమ్‌స్కు నగరమునకు సయితము ఒక శాఖామార్గమే దక్కెను. ఇనుపదారి వరించినచోటికే లక్ష్మి నడచి వచ్చెను.

వంతెనపనికి వచ్చిన కూలీలు సంసారములతో అచ్చటనే నిలిచిరి. చలికాలమున సున్నకు 30 డిగ్రీల క్రిందికి దిగు ఆ శీతలమున, పెక్కురు నేలను త్రవ్వి, పైన కప్పు వేసి, ఆ గుంటలలోనే పొయ్యి వెలిగించి బిడ్డలను పెంచుకొనిరి. ఆ భూమి చక్రవర్తి సొంత యెస్టేటునకు చెందినది. ఊరికి నోవోనికోలయెవ్‌స్కు అని చక్రవర్తి పేరే వచ్చినది. 1903లో పట్టణపదవి లభించెను. 1926లో నోవోసిబిర్స్కు అని పేరు మాఱెను.

ఊరు పెరుగుచుండ, స్థలము కొనఁజాలని పేదలు రైలుమార్గమునకును నదికిని నడుమ అనుమతి లేకయే చిన్నయిండ్లు కట్టుకొనిరి. ఆ వాడకు లోకులు పెట్టిన పేరు నఖాలోవ్క. మన మాటలో చెప్పవలెనన్న ‘సిగ్గులేనివారి వాడ’. ఊరిని నిలిపిన చేతులకు ఊరిలో జానెడు చోటు లేకపోఁగా, తలదాఁచుకొనిన గృహిణికి సిగ్గులేనిదను బిరుదు దక్కెను. ఎవరు సిగ్గుపడవలసినదో చదువరులే నిర్ణయింపుఁడు.

1930లో తుర్క్‌సిబ్ మార్గము పూర్తియై మధ్య ఆసియాతో సంబంధము కలిగెను. 1939లో నేఁటి స్టేషను తెఱువఁబడెను. ఆకుపచ్చని ఆ మహాభవనము రష్యాలోని పెద్ద స్టేషనులలో ఒకటి. 1941లో యుద్ధము రాఁగా, పడమటి సీమలనుండి కర్మాగారములును, ఇల్లు విడిచిన తల్లులును, బిడ్డలును రైళ్లలో ఇచ్చటికి వచ్చి చేరిరి. ఇచ్చటి సైనికులు ఆ దారినే యుద్ధభూమికి తరలిరి. ఒకే వేదికపై కొందఱు తల్లులు బిడ్డలతో దిగుచుండ, మఱికొందఱు బిడ్డలను సాగనంపుచుండిరి. ఈ పేటకు కొంతకాలము రైల్వేమంత్రి కగనోవిచ్ పేరుండెను. 1957లో ఆయన పదవి పోఁగా, రైల్వేపేట యను వృత్తినామమే నిలిచెను.

స్టేషను ముందలి చౌకమునకు గారిన్ మిఖైలోవ్‌స్కీ పేరు పెట్టిరి. పాతవంతెన యినుపదూలమొకటి నదియొడ్డున ప్రదర్శనార్థము నిలిపిరి. ఇది యుచితమే. కాని యినుముతోపాటు ఆ గుంటలలోని పొయ్యిలను కూడ స్మరింపవలయును. వంతెన కట్టుట ఎంత ఘనకార్యమో, కట్టినవారి కుటుంబములకు ఒక యిల్లు కల్పించుటయు అంత ధర్మకార్యము.