ఇంటర్‌కు హైదరాబాదా, సూరతేనా? తొమ్మిదో తరగతిలోనే చూసుకోవలసిన లెక్క

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా, డిండోలి ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. వీరిలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం తరలివచ్చిన పద్మశాలీలు. పిల్లలు పదో తరగతికి చేరువయ్యే కొద్దీ ఈ ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఇంజినీరింగ్ లేదా వైద్య ప్రవేశ పరీక్షల శిక్షణ కోసం ఇంటర్మీడియట్‌కు హైదరాబాద్ పంపాలా, సూరత్‌లోనే ఉంచాలా? కోచింగ్ పేరు, హాస్టల్ ఫీజు, అక్కడ మేనమామ ఇల్లు దగ్గరా దూరమా అన్న వాటి చుట్టూనే సాధారణంగా ఈ చర్చ సాగుతుంది. సీటును తేల్చే అసలు అంశం మాత్రం అందులో అరుదుగా వినిపిస్తుంది. విద్యార్థి ఏ రాష్ట్రంలో చదివాడన్నదే ఆ అంశం.

నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ సంస్థల్లో సగం సీట్లు ఆ రాష్ట్ర విద్యార్థులకు, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వారికి కేటాయిస్తారు. ఇక్కడ స్వరాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్ చిరునామా కూడా కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులైతే అదే స్వరాష్ట్రం. సూరత్‌లో పన్నెండు పూర్తిచేసిన విద్యార్థికి, 1961లో ఇదే నగరంలో ఏర్పడిన సర్దార్ వల్లభభాయ్ సంస్థలో స్వరాష్ట్ర కోటా లభిస్తుంది. అదే విద్యార్థి హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే ఆ కోటా పోయి వరంగల్ సంస్థలో కోటా వస్తుంది. వరంగల్ పేరు గొప్పదే. అయితే కంప్యూటర్ సైన్స్ వంటి శాఖల్లో అక్కడి సీట్లు సూరత్ కంటే ఎంతో మెరుగైన ర్యాంకుల వద్దనే నిండిపోతాయి. మధ్యస్థ ర్యాంకు వచ్చిన విద్యార్థికి ఇంటి పక్కనున్న సంస్థలో దొరకగల సీటు ఆ విధంగా చేజారవచ్చు. ఐఐటీల్లో రాష్ట్ర కోటా లేదు కాబట్టి వాటి వరకు ఈ తేడా ఉండదు.

తెలంగాణ రాష్ట్ర కళాశాలల లెక్క వేరు. ఈఏపీసెట్‌లో స్థానిక అభ్యర్థి హోదాకు అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస సంవత్సరాల చదువు ప్రధాన ప్రమాణం. అంటే తొమ్మిదో తరగతి నుంచే అక్కడ చదివి ఉండాలి. వైద్య విద్యలోనూ తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇదే నాలుగేళ్ల నిబంధనను పెట్టగా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. మరోవైపు, గుజరాత్ వైద్య కళాశాలల రాష్ట్ర కోటాకు పన్నెండో తరగతి గుజరాత్‌లోని పాఠశాలలో పూర్తిచేసి ఉండాలి. కాబట్టి పదో తరగతి సూరత్‌లో చదివి, ఇంటర్ రెండేళ్లకు మాత్రమే హైదరాబాద్ వెళ్లిన విద్యార్థి నీట్ రాస్తే రెంటికీ చెడిన రేవడి అయ్యే ప్రమాదం ఉంది. పంపదలచుకుంటే ఎనిమిది ముగియగానే పంపాలి, లేదంటే పన్నెండు వరకు సూరత్‌లోనే ఉంచాలి. ఎక్కువ కుటుంబాలు ఎంచుకునే మధ్య మార్గమే అన్నిటికన్నా ఖరీదైనది.

సూరత్‌లో ఉండేవారు భాష సంగతి ముందే ఆలోచించుకోవాలి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తుంది గాని, ఆ అవకాశం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. సూరత్ కేంద్రంలో రాసే విద్యార్థి ఇంగ్లిష్, హిందీ లేదా గుజరాతీ వంటి భాషల్లోనే రాయాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ అయితే దేశమంతటా ఇంగ్లిష్, హిందీలలోనే ఉంటుంది. భౌతిక, రసాయన శాస్త్రాల పదజాలాన్ని పదకొండో తరగతిలో మొదటిసారి మరో భాషలో ఎదుర్కోవడం కంటే తొమ్మిది, పది తరగతుల్లోనే రెండు భాషల్లో అలవాటు చేయడం మేలు. ఇంజినీరింగ్ వైపు చూసే పిల్లలు పదో తరగతిలో బేసిక్ గణితం కాకుండా స్టాండర్డ్ గణితాన్నే ఎంచుకోవాలి. బేసిక్ తేలికని తీసుకుంటే గణితం గ్రూపులో చేరే వేళ చిక్కులు రావచ్చు.

మగ్గం కూలీతో నడిచే ఇంటికి ఖర్చు కూడా ప్రశ్నే. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులు ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏటా 12,000 రూపాయలు అందుతాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు మించకూడదు. కేంద్ర విద్యాశాఖ కోసం ఐఐటీ కాన్పూర్ నిర్వహిస్తున్న ‘సాథీ’ పోర్టల్‌లో జేఈఈ, నీట్ పాఠాలు ఉచితం.

చివరి చిక్కు ధ్రువపత్రాలది. వలస వచ్చిన కుటుంబానికి వెనుకబడిన తరగతి హోదా సొంత రాష్ట్రం జాబితాను బట్టి ఉంటుంది. కేంద్ర సంస్థల ప్రవేశాలకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ప్రవేశాల సంవత్సరం ఏప్రిల్ 1న గాని ఆ తర్వాత గాని జారీ అయిన ఓబీసీ పత్రం అడుగుతారు. సూరత్‌లో దరఖాస్తు చేసినా తండ్రి కుల ధ్రువపత్రం సొంత మండలం నుంచి రావలసి ఉంటుంది. ఆ పాత కాగితాన్ని పిల్లలు తొమ్మిదిలో ఉండగానే, వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు తెచ్చుకోవచ్చు.