తోడేకొద్దీ ఊరే పాలు

బాలింతను చూడవచ్చినవాళ్లు ముందుగా అడిగే మాట "పాలు పడ్డాయా?" అని. కాన్పయిన రెండో రోజో మూడో రోజో బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, "తల్లికి పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టండి" అని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. డబ్బా వస్తుంది. బిడ్డ తాగి నిద్రపోతుంది. పెద్దల మాటే నిజమని అందరికీ అనిపిస్తుంది. కొద్ది రోజులు గడిచేసరికి తల్లికి నిజంగానే పాలు తగ్గిపోతాయి. ఎందుకిలా జరుగుతుంది? తగ్గిన పాలను మళ్లీ పెంచుకోవచ్చా? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకుందాం.

పాలు ఎలా తయారవుతాయి?

రొమ్ములో ద్రాక్షగుత్తుల్లా అమరిన సూక్ష్మమైన తిత్తులు ఉంటాయి. వాటి గోడల్లోని కణాలు రక్తం నుంచి ముడిసరుకు తీసుకుని పాలు తయారుచేస్తాయి. ఈ పని చేయించే హార్మోను ప్రొలాక్టిన్. ఇది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఇది రక్తంలో ఎక్కువగానే ఉంటుంది. కానీ మాయ నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోను దాని పనిని అడ్డుకుంటుంది. కాన్పులో మాయ బయటపడగానే ఈ అడ్డు తొలగుతుంది.

అడ్డు తొలగినా పాలు ధారాళంగా రావడానికి సుమారు రెండు మూడు రోజులు పడుతుంది. సిజేరియన్ అయినవారికి, తొలిచూలువారికి, మధుమేహం ఉన్నవారికి ఇంకొంత ఆలస్యం కావచ్చు. ఈలోగా వచ్చేవి చిక్కని ముర్రుపాలు. మొదటి రోజు కొద్ది చెంచాలే వస్తాయి. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ చిన్న పొట్టకు అవి సాధారణంగా సరిపోతాయి.

పాలు తయారుకావడం ఒక ఎత్తు, బయటికి రావడం మరో ఎత్తు. పాడి ఉన్న ఇళ్లలో ఇది తెలిసిన సంగతే. దూడ మూతి తగిలితే గేదె చేపుతుంది. కొత్త మనిషిని చూసి బెదిరితే పొదుగు నిండా పాలున్నా చేపదు. ఈ చేపుకు కారణం ఆక్సిటోసిన్ అనే హార్మోను. అది తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలను నొక్కి పాలను నాళాల్లోకి తోస్తుంది. మనుషుల్లోనూ ఇదే జరుగుతుంది. బిడ్డ స్పర్శ చేపును రప్పిస్తుంది. నొప్పి, భయం, దిగులు దాన్ని ఆలస్యం చేస్తాయి. "నీకు పాలు లేవు" అని తల్లితో పదేపదే అనడం ఏ విధంగానూ మంచిది కాదనడానికి ఇదొక కారణం.

మేకలు చెప్పిన రహస్యం

స్కాట్లండ్‌లోని హన్నా పరిశోధన సంస్థలో 1980లలో మేకల మీద కొన్ని ప్రయోగాలు చేశారు. మేక పొదుగుకు రెండు వైపులుంటాయి. ఒక వైపు మామూలుగా, రెండో వైపు ఎక్కువసార్లు పితికారు. ఎక్కువసార్లు పితికిన వైపే పాలు పెరిగాయి. రెండు వైపులకూ అందే రక్తం ఒకటే, హార్మోన్లూ ఒకటే. అంటే హార్మోన్లతో పాటు, పాలు ఎంత ఖాళీ అవుతున్నాయనేది కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. ఆస్ట్రేలియాలో పీటర్ హార్ట్‌మన్ బృందం 1990లలో తల్లుల మీద చేసిన కొలతల్లోనూ ఇదే తేలింది. రొమ్ము బాగా ఖాళీ అయినప్పుడు పాలు వేగంగా ఊరుతాయి, నిండుగా ఉన్నప్పుడు మందగిస్తాయి.

ఏటి ఇసుకలో తీసిన చెలమను గుర్తుచేసుకోండి. తోడేకొద్దీ ఊరుతుంది. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ ఆ పూట రొమ్ము పట్టదు. తోడనందువల్ల ఊట తగ్గుతుంది. మర్నాడు డబ్బా పాలు ఇంకొంచెం పెంచాల్సి వస్తుంది. మొదట మనం చూసిన ఇంట్లో జరిగింది ఇదే.

పాలు నిజంగా తక్కువా?

బిడ్డ ఏడుపు, రొమ్ము మెత్తబడడం, మాటిమాటికీ పాలు అడగడం - ఇవేవీ పాలు తక్కువనడానికి రుజువులు కావు. రొమ్ము పరిమాణం చూసీ చెప్పలేం. బిడ్డను చూసి చెప్పాలి. అయిదో రోజు తర్వాత 24 గంటల్లో కనీసం ఆరుసార్లు లేతరంగు మూత్రం పోయాలి. విరేచనం నలుపు తగ్గి పసుపు రంగుకు మారాలి. పుట్టాక బరువు కొంత తగ్గడం సహజమే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఇవన్నీ సరిగా ఉంటే పాలు చాలుతున్నట్టే.

పెంచుకోవడం ఎలా?

మొదట బిడ్డ రొమ్ము పట్టే తీరు సరిచూడాలి. నోరు బాగా తెరిచి, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలా భాగం నోట్లోకి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. ఎంతకూ నొప్పి తగ్గకపోతే పట్టు సరిగా లేదని అర్థం. అప్పుడు గంటసేపు చీకినా పాలు అందవు.

రెండోది, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. రాత్రిపూట ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి రాత్రి పాలు మానకూడదు. ఒక వైపు తాగాక రెండో వైపూ పట్టాలి. బిడ్డను రోజూ కొంతసేపు తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెడితే బిడ్డ రొమ్ము వెతుక్కుంటుంది, చేపూ వస్తుంది.

మూడోది, బిడ్డ తాగాక కూడా చేత్తోగానీ పంపుతోగానీ మరికొన్ని నిమిషాలు పాలు పిండాలి. మొదట్లో నాలుగు చుక్కలే రావచ్చు. అక్కడ పిండే ప్రతి చుక్కా మరింత ఊరమని రొమ్ముకు ఇచ్చే సంకేతమే. పిండిన పాలను శుభ్రంగా కడిగి మరిగించిన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఫలితం కనబడడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల వరకు పట్టవచ్చు. ఇప్పటికే డబ్బా పాలు తాగుతున్న బిడ్డకు వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు సలహాతో, బరువు చూసుకుంటూ మెల్లగా తగ్గించాలి.

ఇక ఆహారం. మెంతులు, వెల్లుల్లి పాలు పెంచుతాయని మన నమ్మకం. మెంతుల మీద జరిగిన పరిశోధనల్లో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. వంటలో వాడుకోవచ్చు, మందులా మోతాదుకు మించి తినకూడదు. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు, కూరలు తగ్గించడం మాత్రం సరికాదు. ఆమెకు మామూలు కంటే రోజుకు సుమారు 500 నుంచి 600 కిలో కెలోరీలు అదనంగా కావాలి. దాహమైనన్ని నీళ్లు తాగాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ఇన్ని చేసినా కొందరు తల్లులకు పాలు చాలవు. గర్భాశయంలో మాయ ముక్క మిగిలిపోవడం, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, థైరాయిడ్ లోపం, రొమ్ముకు జరిగిన ఆపరేషన్, పాలగ్రంథులు తగినంత పెరగకపోవడం వంటి కారణాలుండవచ్చు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ పాలు తగ్గిస్తాయి. పాలు పెంచే మందులను సొంతంగా కొని వాడకూడదు. వాటిలో కొన్నింటికి గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

మూత్రం తగ్గినా, ఇటుకరంగు మరకలు కొనసాగినా, బిడ్డ లేపినా లేవక మగతగా ఉన్నా, కామెర్లు ముదిరినా, బరువు పదోవంతు తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు బిడ్డ ఆకలి తీర్చడమే ముందు పని. తల్లి పిండిన పాలు, అవి చాలకపోతే తల్లిపాల బ్యాంకు పాలు, అవీ దొరకకపోతే డాక్టరు చెప్పిన డబ్బా పాలు ఇవ్వాలి. మన దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో మొదలైంది. అవసరపడి డబ్బా పాలు పట్టిన తల్లి ఏ తప్పూ చేయలేదు. ఆ పూట కూడా పిండడం మానకపోతే ఊట నిలుస్తుంది.

కాబట్టి ఈసారి బాలింతను చూడడానికి వెళ్లినప్పుడు "పాలు పడ్డాయా?" అని అడగకండి. "నీళ్లు తెచ్చిపెట్టనా? కాసేపు ఇంటిపని నేను చూడనా?" అని అడగండి. ఆమె ఆ కాసేపూ బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చోగలుగుతుంది.